మస్తాన్ వలీ పేర గోధుమ పళ్ళెం

జెద్దా, బలద్ నుంచి
ఆదివారం

జాహెదాకు సలాం.

నా మోకాళ్ళు తప్ప మిగతా మనిషినంతా అల్లా క్షేమంగానే ఉంచాడు. నువ్వూ కోడలూ పిల్లలూ కులాసాగా ఉన్నారని, మేక మళ్ళీ ఈనిందని నీ ఉత్తరంలో చదివి సంతోషించాను. ఉమ్రా యాత్రకు వచ్చిన రాయచోటివాళ్ళ చేతికిచ్చి పంపావు కదా, వాళ్ళను వెతుక్కుంటూ ఎయిర్‌పోర్టుకు పోయి తెచ్చుకున్నాను. రోజూ ఫోనులో మాట్లాడే మనిషి కాగితం మీద రాసిందంటే విషయం నోటితో అడగలేనిదని అర్థమైంది. అందుకే నేనూ కాగితం మీదే జవాబు రాస్తున్నాను. ఫోనులో అయితే నువ్వు నన్ను సగంలోనే ఆపేస్తావు.

ఈ ఉత్తరం ఫయాజ్ చేతికిస్తున్నాను. నా గదిలో ఉండే డ్రైవరు, సుండుపల్లివాడు, నీకు ఫోనులో ఒకటి రెండుసార్లు సలాం చెప్పాడు. రంజాన్ ఇంటి దగ్గర చేసుకోవాలని ఈ గురువారం బయల్దేరుతున్నాడు. నలభైయో దినానికి ముందే నీకు అందుతుంది.

నువ్వు అడిగిన పెద్ద సంగతి నేను దాటేయడం లేదు. మహబూబ్బీ వదిన మన గడప మీద కూర్చుని ఏడ్చిందని రాశావు. పోయేముందు మీ బావ వచ్చినవాళ్ళందరి దగ్గరా, అన్నదీ విన్నదీ మనసులో పెట్టుకోకండి, కహా సునా మాఫ్, అని అడిగాడన్నావు. మట్టి చేయబోయేముందు జనాజా నమాజు దగ్గర, మస్తాన్ వలీ మీద ఎవరికైనా కోపముంటే మాఫ్ చేయండని కొడుకు అడిగితే మసీదంతా మాఫ్ అన్నదనీ, సొంత తమ్ముడినైన నా మాట ఒక్కటే రాలేదనీ రాశావు. నలభైయో దినం ఫాతిహాలో ఆ మాట నలుగురి ముందూ వినిపించాలని వదిన కోరిక. జవాబిస్తాను. కానీ నా వరసలో ఇస్తాను. మొత్తం చదివాకే వదిన దగ్గరికి పో. సగం చదివి పరుగెత్తకు.

ముందు చిన్న సంగతులు. నువ్వు పంపిన నూనె రాసుకుంటున్నాను, గది అంతా వాము వాసన. మాత్రలు మానలేదు. ఫైనల్ ఎగ్జిట్ పెట్టి పూర్తిగా ఇంటికి ఎప్పుడొస్తావని అడిగావు. ఈ చదువు వేసవికి ఒక దరికి వస్తుంది, అప్పుడు మాట్లాడుకుందాం. ఇక, "కంప్యూటర్లో ఎవరో దొరసానితో ప్రతి శనివారం మాట్లాడుతున్నావంట, ఈ వయసులో ఏం కథ" అని రాశావు. ఇది నీకు మోసింది ఫయాజ్ పెళ్ళామని నాకు తెలుసు. మోసిందే కానీ సగమే మోసింది. మిగతా సగం విను.

ఆ దొరసాని పేరు ఎవాంథియా మేడమ్. మన అమ్మాయి వయసు. గ్రీసు దేశంలో ఒక యూనివర్సిటీలో, బయటిదేశాలవాళ్ళకు తమ భాషా తమ ఆచారాలూ నేర్పుతుంది. నేను అందులో రెండో మెట్టు చదువుతున్నాను. మొదటి మెట్టు చదవకుండానే దాటాను. ఓడలకు సరుకులు అందించే కంపెనీలో ఇన్నేళ్ళు గోడౌన్ చూశాను కదా, రేవుకు వచ్చిన గ్రీకు ఓడల వంటవాళ్ళతో బేరమాడీ బేరమాడీ కాస్త మాట పట్టుకుంది. చేర్చుకునే ముందు మేడమ్ నన్ను పరీక్షించి, "మీరు ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగింది. "ఉల్లిగడ్డల దగ్గర" అన్నాను. పడిపడి నవ్వి రెండో మెట్టులో కూర్చోబెట్టింది. కూర్చోబెట్టింది కానీ, తరగతిలో అందరికన్నా వెనకబడ్డవాణ్ణి నేనే. పోలండులో రిటైరైన ఒక నర్సమ్మ ఉంది, కైరోలో మందుల షాపు నడిపే ఒకాయన ఉన్నాడు, ఇంకా ఎక్కడెక్కడివాళ్ళో ఉన్నారు. వాళ్ళు గడగడా మాట్లాడుతుంటే నేను ఇంకా ఉల్లిగడ్డల దగ్గరే తడుముకుంటుంటాను.

యూనివర్సిటీ నాకొక కార్డు పంపింది. నా ఫోటో, కింద నా పేరు, దాని కింద విద్యార్థి అని గ్రీకులో. నెరిసిన గడ్డం కింద విద్యార్థి అనే మాట చూసి చాలాసేపు ఫోను మూయలేకపోయాను. ఫయాజుకు చూపిస్తే, "చాచా, బస్సులో కన్సెషన్ ఇస్తారా?" అన్నాడు. వాడికేం తెలుసు.

ఈ వయసులో చదువేమిటని అడిగావు. ఆ వయసులో చదవనిచ్చింది ఎవరు? నీకు తెలిసిన కథే, అయినా మళ్ళీ చెబుతాను. ఈసారి వదిన కూడా వింటుంది కాబట్టి చెబుతాను. కడప కాలేజీలో బి.ఏ. రెండో సంవత్సరం. చరిత్ర అంటే నాకు ప్రాణం. అందులోనూ గ్రీకుల చరిత్ర. రాళ్ళ దేశం, నీళ్ళు తక్కువ, మేకలు ఎక్కువ, అచ్చం మన రాయచోటిలాంటి చోటే. అక్కడ కూర్చుని వాళ్ళు లోకాన్నంతా తర్కించారని చదివితే నాకు ఒళ్ళు జలదరించేది. మీ బావ ఒకరోజు కడప వచ్చి, గార్డియన్ అని సంతకం పెట్టి, నాకు తెలియకుండా నా టీసీ తీసుకుపోయాడు. ఆ ప్రిన్సిపాలు నన్ను పిలిచి ఒక్కమాట అడగలేదు. ఆయన్నీ నేను క్షమించలేదు. అడిగినవాళ్ళు లేరు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు.

అప్పటికే నా పేరున సౌదీ వీసా వచ్చి ఉంది. నా పెట్టెలోని పుస్తకాలన్నీ బస్టాండు బజ్జీల బండికి తూకానికి పోయాయి. బొంబాయి బండి ఎక్కేరోజు దారిలో తినమని మీ బావే బజ్జీలు కట్టించి ఇచ్చాడు. గుంతకల్లు దాటాక పొట్లం విప్పితే అది నా పుస్తకంలో పేజీ. ఒక రాజు యుద్ధం ఓడిపోబోతున్నాడు, వాడి సైన్యం మీద నూనె మరకలు. ఆకలేసింది, బజ్జీలు తిన్నాను. కాగితం కూడా చదివాను. తర్వాతి పేజీ ఇంకెవరి పొట్లమైందో.

అది వేరుశెనగ మొత్తం ఎండిపోయిన ఏడు. తినే నోళ్ళు ఎక్కువ, తెచ్చే చేతులు రెండే, అవి బస్టాండులో సోడాలు కొట్టే ఆయనవి. అదంతా నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం పోతుందా, జాహెదా? ఊళ్ళో నన్ను ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. మస్తాన్ తమ్ముడా అనేవాళ్ళు. లీవులో వచ్చినప్పుడు అట్లా పిలిచినవాడికి నేను పలకడం మానేశాను. గుర్తుందా, ఒకసారి పెళ్ళి పత్రిక మీద అట్లా రాసిస్తే కొట్టేసి నా పేరు రాసి తిరిగి పంపించాను. నువ్వు సిగ్గుతో ఆ పెళ్ళికే పోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. రెండు శనివారాల కింద మేడమ్ క్లాసు ఇంట్లో చెప్పలేదు. ఫోను చేత్తో పట్టుకుని వాళ్ళ ఊరి చర్చి దగ్గరికి నడిచింది. మనకు రంజాన్ ముందు షబే బరాత్ వచ్చినట్టు, వాళ్ళకు పెద్ద ఉపవాసాల ముందు చనిపోయినవాళ్ళ శనివారాలు వస్తాయట. ఆడవాళ్ళు ఇంటింటి నుంచి ఒక్కో పళ్ళెం పట్టుకొస్తున్నారు. పళ్ళెం నిండా ఉడికించిన గోధుమలు, వాటిలో దానిమ్మ గింజలు, ఎండుద్రాక్ష, బాదం, పైన మంచులా చక్కెర పొడి. కొల్లివా అంటారట. మనిషి పోయిన నలభైయో దినం కూడా ఇదే చేస్తారని మేడమ్ చెప్పింది.

నలభైయో దినం! నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఇక్కడ సౌదీలో అట్లాంటివి చేస్తే మతంలో లేని కొత్త పోకడ, బిద్అత్, అంటారు. మన ఊళ్ళో మాత్రం నలభైయో దినం ఫాతిహా లేకుండా పోయినవాడు పోయినట్టే కాదు. సముద్రాలకు అవతల, వేరే మతంవాళ్ళ వంటింట్లో, అదే లెక్క నా కోసం కాచుకుని ఉందా అనిపించింది.

తర్వాత ఫాదరు బయటికి వచ్చి పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఇంటి పేరు లేదు, తండ్రి పేరు లేదు, ఊరు లేదు, ఒట్టి పేర్లు. యోర్గోస్, మరియా, కాటెరీనా, మళ్ళీ యోర్గోస్, ఇంకో మరియా. ఎవరి పేరు వచ్చినప్పుడు వాళ్ళ మనిషి తల కాస్త వంచుతున్నారు. ఏ యోర్గోసో దేవుడికి తెలుసన్నమాట. నేనున్న ఈ సౌదీలో చూస్తే సమాధుల మీద అసలు పేరే ఉండదు. రాజుదైనా కూలివాడిదైనా మట్టీ రాయీ, అంతే. అది చూసినా నా తల వంగుతుంది. ఇది చూసినా వంగింది. సముద్రానికి ఆ దేశంలో మూడు వేల ఏళ్ళ కింద ఏ మాట వాడారో ఈనాటి చేపలవాడూ అదే మాట వాడతాడు. రాజ్యాలు ఎన్ని కూలాయో! మాట నోటి నుంచి నోటికి దిగివచ్చింది, ఆ పేర్లూ అట్లాగే దిగివచ్చాయి. నేను ఎన్నో పుస్తకాలు చదివాను కానీ, గోధుమ పళ్ళేల ముందు నిలబడి ఒట్టి పేర్లు వినడం ఇంత పెద్ద సంగతని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

క్లాసు చివర మేడమ్ అందరికీ తలా ఒక ఆచారం పంచింది. వచ్చే శనివారం చేసి చూపించి గ్రీకులో వివరించాలి. నాకు కొల్లివా వచ్చింది. "మేడమ్, మేం ముసల్మానులం, పైన శిలువ గుర్తు పెట్టను" అన్నాను. ఆమె నవ్వి, "మా నానమ్మ చెప్పేది, గోధుమ ముందు వచ్చింది, గుర్తులు తర్వాత వచ్చాయని. మీ ఇష్టం" అంది.

శుక్రవారం జుమ్మా నమాజు తర్వాత బలద్ సూక్ బజారులో గోధుమలు తెచ్చాను. దానిమ్మలు మన దేశానివే దొరికాయి. ఉడకబెట్టి, నీళ్ళు వార్చి, గిన్నెలో ఉంచి బాదం పొట్టు తీయడానికి కూర్చున్నాను. ఇంతలో డ్యూటీ దిగి ఫయాజ్ వచ్చాడు. మూత తీసి చూశాడు.

"అబ్బ, చాచా! రంజాన్ ముందే హలీమ్ చేస్తాండావా? చెప్పింటే మాంసం తెచ్చేవాణ్ణి గదా."

నేను తలెత్తేలోపల పప్పుగుత్తి తీసి గోధుమలను మెదిపేస్తున్నాడు. నేను అరిచాను. ఏమని అరిచానో రాయను. ఫయాజ్ పప్పుగుత్తి పట్టుకుని కొయ్యబారిపోయాడు. అప్పుడే భూషణం లోపలికి వచ్చాడు. నా ఇంకో గది తోడు, ఏసీలు బాగుచేసే మనిషి, పులివెందుల వైపువాడు. సంగతి విని గోడకు ఆనుకుని నవ్వాడు.

"ఒరేయ్ ఫయాజూ, మామ గ్రీకు పరీక్షను పప్పుగుత్తితో రుబ్బేసినావు గదరా!"

"నాకేం తెలుసన్నా. గోదుమలు ఉడకబెడితే రుబ్బకుండా ఏం జేస్తారు?"

గింజ గింజగా ఉండాలిరా, ఒక్క గింజ కూడా చితకకూడదు, అని చెప్పాను. ఎందుకని అడిగాడు. మట్టిలోకి పోయిన గింజ మళ్ళీ లేస్తుందని వాళ్ళ నమ్మకం, చితికిన గింజ లేవదు కదా అన్నాను. ఫయాజ్ గుత్తిని మెల్లగా కింద పెట్టేశాడు. మెదిపినదాంట్లో ఉప్పూ మిరియాలూ వేసి ముగ్గురం ఆ రాత్రికి హలీమ్ అనుకుని తిన్నాం. మళ్ళీ గోధుమలు పోశాను. ఈసారి ఫయాజే పొయ్యి దగ్గర కూర్చుని, పిల్లి కాపలా కాసినట్టు కాశాడు. వార్చినవి గుడ్డ మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టింది వాడే.

శనివారం కంప్యూటరు ముందు పళ్ళెం పెట్టుకుని నేను నేర్చుకున్నదంతా చెప్పాను. తడబడ్డాను కానీ చెప్పాను. గోధుమ ఎందుకు, దానిమ్మ ఎందుకు, చక్కెర ఎందుకు, అన్నీ. చెప్పి ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు మేడమ్ అడిగింది.

"బాగా చేశారు, సుభాని గారూ. ఎవరి పేరున చేశారు?"

"ఎవరి పేరునా కాదు మేడమ్. పాఠం కోసం."

"పేరు లేకుండా ఈ పళ్ళెం చేయరు. ఎవరిదైనా ఒక పేరు చెప్పండి. ఒట్టి పేరు చాలు."

తెర మీద అన్ని ముఖాలూ నన్నే చూస్తున్నాయి. మా నాన్న పేరు చెప్పవచ్చు. మా అమ్మ పేరు చెప్పవచ్చు. నోరు తెరిచాను. మస్తాన్ అని వచ్చింది. నేను చెప్పానని అనను. వచ్చింది.

అప్పుడు వాళ్ళ ఆచారం ప్రకారం అందరూ ఒకటే మాట అన్నారు. థెయోస్ స్ఖోరెస్ తోన్. దేవుడు అతన్ని క్షమించుగాక అని. గోధుమ చెంచా నోట్లో పెట్టుకున్న ప్రతివాళ్ళూ పోయినవాళ్ళ కోసం ఆ మాట అనాలి. వాళ్ళ చేతుల్లో చెంచాలు లేవు, పళ్ళెం నా గదిలో ఉంది, అయినా అన్నారు. పోలండు నర్సమ్మ కళ్ళు మూసుకుని అంది. కైరో ఆయన అని, వెంటనే చేతులెత్తి మన దువా కూడా చేశాడు. మస్తాన్ ఎవరో వాళ్ళకు తెలియదు. రాయచోటి ఎక్కడుందో తెలియదు. ఆయన ఏం చేశాడో తెలియదు. ఆ ముక్కూ ముఖం తెలియనివాళ్ళు దేశదేశాల నుంచి ఒక బస్టాండు సోడాషాపు మనిషి కోసం క్షమాపణ అడుగుతున్నారు. నా ఒంట్లో వణుకు పుట్టింది జాహెదా. భయంతో కాదు. మక్కాలో మొదటిసారి కాబాను చూసినప్పుడు పుట్టిందే, ఆ వణుకే.

నా వెనకాల ఫయాజూ భూషణమూ చెరో చెంచా నోట్లో పెట్టుకుని నిలబడ్డారు. "మామా, మేం ఏమనాల?" అన్నాడు భూషణం. చెప్పాను. ఇద్దరూ తెలుగులో అన్నారు. భూషణం అయితే ఇంకో చెంచా తీసుకుని ఇంకోసారి అన్నాడు.

మిగిలింది నేను. చెంచాడు తిన్నాను. ఆ మాటే గ్రీకులో అన్నాను. సులువుగా వచ్చింది. ఎందుకు వచ్చిందో తర్వాత తెలిసింది. తెలుగులో మీ బావను నేను తిట్టని తిట్టు లేదు, ఉర్దూలో పెట్టని శాపం లేదు. ఆ రెండు భాషల్లోనూ నా నోరు పాడైపోయింది. గ్రీకులో మాత్రం నేను ఇంతవరకూ ఎవర్నీ ఒక్కమాట అనలేదు. ఆ భాషలో నాకు శత్రువులు లేరు. అక్కడ నా నోరు ఇంకా కడిగిన గిన్నెలా ఉంది.

కంప్యూటరు మూసి నాలో నేను మురిసిపోతుంటే ఫయాజ్ పళ్ళెం గీకుతూ అన్నాడు. "చాచా, దేవుడు క్షమించాల అన్యావు. బాగుంది. ఆయప్ప క్షమిస్తాడులే, ఆయప్పకేం. మరి నువ్వు?"

"నీకెందుకురా?"

"నాకేమి. గురువారం నేను పోతాండా గదా. మీ వదినమ్మ అడిగితే గ్రీకులో చెప్పేదా?"

చూశావా, పప్పుగుత్తి పట్టినవాడు ఎక్కడ గుచ్చాడో! నేను నా బరువును దేవుడి మీద పెట్టి చేతులు దులుపుకున్నానని వాడు కనిపెట్టాడు. ఈ పొద్దున లేచి ఈ కాగితం తీశాను.

ఇప్పుడు నీకు ఒకటి చెప్పాలి. మీ బావ పోయిన మర్నాడు ఫోనులో ఏమన్నాను? నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్ ఊరికి పోయిరావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ ఇవ్వలేదు, రాలేను అన్నాను. అది అబద్ధం. కఫీల్ మంచివాడు, అడిగితే అదేరోజు ఇచ్చేవాడు. నేను అడగలేదు. జనాజాలో కొడుకు మాఫ్ అని అడుగుతాడని నాకు తెలుసు. అందరి ముందూ నేను నోరు తెరవకపోతే ఊరంతా చూస్తుంది. తెరిస్తే నా నోటి అబద్ధాన్ని నేనే చూడాలి. ఆ రెండూ వద్దనే ఇక్కడ కూర్చున్నాను. నలభైయో దినానికి కూడా రాకూడదనే అనుకున్నాను. ఇప్పుడు అడుగుదామంటే టిక్కెట్లు రంజాన్ రద్దీలో ఉన్నాయి, నలభైయో దినానికి అందుకోలేను. ఇది మాత్రం నిజం. ఫయాజును అడుగు.

కాబట్టి నా బదులు ఈ కాగితం వస్తోంది. వదినకు ఇట్లా చదివి వినిపించు: కాలేజీ నుంచి నన్ను తీసుకుపోయినందుకు మాఫ్. చెప్పకుండా సంతకం పెట్టినందుకు మాఫ్. ఎడారికి పంపినందుకు మాఫ్. ఇది తెలుగులో రాస్తున్నాను, గ్రీకులో కాదు. చేయి నొప్పి పుడుతోంది, అయినా రాస్తున్నాను. పుస్తకాలు బజ్జీల బండికి వేసినందుకు మాత్రం ఇంకొంచెం వ్యవధి ఇవ్వమని చెప్పు. వేసవికి వచ్చి సమాధి దగ్గర కూర్చుని అది నేనే స్వయంగా చెబుతాను. వదిన నవ్వితే నవ్వనీ.

మిగిలిన గోధుమలు ఫయాజ్ బ్యాగులో పెట్టాను. నలభైయో దినం ఫాతిహా వంటల్లో వీటినీ ఉడికించు. మన దానిమ్మ గింజలు వేయి, బాదం వేయి, పైన చక్కెర పొడి చల్లు. ఎవర్నీ దంచనీయకు. మనవాళ్ళు చూడగానే హలీమ్ అనుకుంటారు, గుత్తి దాచిపెట్టు. వచ్చిన ప్రతివాళ్ళకూ చెంచాడు ఇచ్చి, తినేముందు అల్లా మస్తాన్‌ను క్షమించాలి అని అనమను. ఒట్టి పేరు చాలు, అల్లాకు తెలుసు ఏ మస్తానో.

ఫాతిహాలో నలుగురి ముందూ ఇది చదివేటప్పుడు కింద నా సంతకం కూడా పైకి చదువు. మరిచిపోకు.

ఇట్లు,
మా అన్న మస్తాన్ వలీ తమ్ముడు,
నీ ఇంటాయన
సుభాని